మ్యాచ్‌కి ముందు రెండు నిమిషాలు

ఓబిదుస్,
9 సెప్టెంబరు 1984.

తమ్ముడు నొనాతోకి,

ఇక్కడ క్షేమం సగం, దోమలు సగం. బెలేంలో పడవ ఎక్కిన నాలుగో రోజుకి చేరాం, నేనూ, మీ వదినా, రెండు పెట్టెలూ, ఆవిడ కుట్టుమిషనూ. దారిపొడుగునా ఊయలలో పడుకుని టోపీ ముఖం మీదికి లాక్కునే ఉన్నాను. పక్క ఊయలలో ఒక జనపనార వ్యాపారి శాంతరేం దాకా ఆ గోల్ గురించే మాట్లాడాడు. "ఆ రిఫరీ పల్యేటాగాడు కనబడితే ఇదే నదిలోకి తోసేస్తాను" అన్నాడు. "తొయ్యాల్సిందే" అన్నాను. సంతోషించి నాకు సగం కమలాపండు ఒలిచి ఇచ్చాడు.

మీసం తీసేశాను. ఇరవై ఏళ్ల మీసం. మీ వదిన చూసి ఇంట్లోకి ఎవరో పరాయి మగాడు వచ్చాడనుకుంది. వాళ్ల అక్కగారి ఇంట్లో వెనక గది మాకిచ్చారు. చర్చి బడిలో పిల్లలకి డ్రిల్లు చెప్పే పని ఫాదర్ ఇప్పించాడు. బెలేంలో పెద్ద బడిలో చేసింది కూడా అదే పని కదా, ఇక్కడ పిల్లలకి బూట్లు లేవు, అంతే తేడా.

ఫుట్‌బాల్ సంఘంవాళ్ల విచారణ నవంబరు 8న. అందాకా ఈల ముట్టుకోకూడదు. తప్పు నాదే, వల పక్కన చిల్లుంది, బంతి బయటినుంచి ఆ చిల్లులోకి దూరింది, నేను గోల్ ఇచ్చేశాను, గ్వాజరావాళ్లకి కప్పు పోయింది. దానికి ఎన్నేళ్లు వేసినా భరిస్తాను. కానీ గెలిచిన పెద్రేరావాళ్ల దగ్గర లంచం తిన్నానన్న మాట ఉంది చూడు, అది పోవాలి. ఈల పోతే డ్రిల్లు చెప్పుకుని బతుకుతాను, ఆ మాటతో మాత్రం బతకలేను.

ఇక్కడ కూడలిలో మునిసిపాలిటీ టీవీ ఉంది, స్తంభం మీద తాళం వేసిన పెట్టెలో. మీ టీవీ స్టేషన్ టేపులు విమానంలో వస్తాయి కాబట్టి నీ శనివారం మాకు బుధవారం. అంటే నువ్వు చెప్పే ప్రతిదీ మేం వినేసరికి పాతబడిపోయి ఉంటుంది. నిన్న మాత్రం నీ ముఖం చూశాను. పచ్చ టై బాగుంది.

ఫోను చెయ్యకు. ఇక్కడి టెలిఫోను ఆఫీసులో గది తలుపుకి అద్దం లేదు, వరసలో నిలబడ్డవాళ్లంతా వింటారు. టీవీలో రూయీ వలదారిస్ అనే పెద్దమనిషి అసలు పేరు నొనాతో పల్యేటా అనీ, వాడు నా తమ్ముడనీ మన పాత ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురికి తప్ప పదిహేనేళ్లుగా ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలియనే కూడదు.

అన్నయ్య,
అనీజియో.

బెలేం,
22 సెప్టెంబరు 1984.

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కమలాపండు దగ్గర నవ్వాను, తర్వాత నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నువ్వు టీవీ చూస్తున్నావంటే ఒక సంగతి ముందే చెప్పాలి. మా డైరెక్టరు ఒతాసీలియోగారు ఆ గోల్‌ని ఇక రోజూ వెయ్యమంటున్నారు. నెమ్మదిగా, నాలుగు వైపులనుంచి, చిల్లు చుట్టూ తెల్ల గీత గీసి. దానికి "నేటి చిల్లు" అని పేరు పెట్టారు. ఊళ్లో ఎవరి తప్పు దొరికినా దానికి ముందు నీ గోల్, ఆ తర్వాత వాళ్ల తప్పు. వేరొపేజు బజారులో చేపల వలలు అమ్మే ఒక షాపువాడు డబ్బు కట్టి ప్రకటన ఇచ్చాడు. అది నేనే చదవాలి, నవ్వుతూ చదవాలి. "మా వలలో చేప దూరదు, గోల్ అసలే దూరదు." చదవనని రెండు రోజులు మొరాయించాను. "ఎందుకయ్యా, ఆ రిఫరీ నీకు చుట్టమా?" అన్నారు ఒతాసీలియోగారు. గదిలో అందరూ నవ్వారు. మూడో రోజు చదివాను.

గుర్తుందా, నాకు పదిహేనేళ్లప్పుడు స్టేడియం లౌడ్‌స్పీకర్ గదికి తీసుకెళ్లావు. "వీడు ఇంట్లో ఊరికే వాగుతున్నాడు, ఇక్కడ వాగితే జీతమైనా వస్తుంది" అని అక్కడి ముసలాయనకి అప్పగించావు. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివాను, మారిన ఆటగాళ్ల పేర్లు చదివాను. రేడియోకి వెళ్లాక గోల్ వెనక నలభై మీటర్ల మైకు తీగ మోశాను. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి బెలేం మొత్తం అసాయి పండ్ల గుజ్జులో కర్రపెండలం పిండి కలుపుకుంటూ నా ముఖమే చూస్తుంది. నా గుండెలో గ్వాజరా ఉందో పెద్రేరా ఉందో తేల్చుకోవాలని చేపలమ్మే ఆవిడ కూడా ప్రయత్నిస్తుంది. నీలం టై వేసుకోను, ఎర్ర టై వేసుకోను. నా గుండెలో ఉన్నది నల్ల చొక్కా వేసుకునే మనిషి అని ఎవరికీ తట్టదు.

అసలు అడగాల్సింది ఇది. లైన్స్‌మన్ చూసి బాగుందన్నా సరే, ప్రతి మ్యాచ్‌కి ముందు నువ్వు స్వయంగా వెళ్లి రెండు వలలూ లాగి చూస్తావు. పన్నెండేళ్లలో ఒక్కసారి మానలేదు. ఆ రోజు వలవైపు నడుస్తున్నవాణ్ని మైకు పట్టుకుని అడ్డంపడి ఆపింది నేను. "రిఫరీగారూ, రెండు నిమిషాలు మాట్లాడండి" అన్నాను. టీవీకి మైదానంలోంచి నా మొదటి ప్రత్యక్ష ప్రసారం, నువ్వు కాదనలేకపోయావు. ఆ సంగతి సంఘానికి రాశావా? రాయకపోతే నేను వచ్చి చెప్పనా?

నీ
నొనాతో.

ఓబిదుస్,
14 అక్టోబరు 1984.

తమ్ముడు నొనాతోకి,

ఈరోజు సీరియో పండగ కదా, బెలేంలో జనం మేరీమాత రథం తాడు పట్టుకుని రోడ్డు మీద వేలాడుతుంటారు, నువ్వు మధ్యాహ్నం ఎవరింట్లోనో మనిసోబా తింటుంటావు. మీ వదిన కూడా వండింది. ఏడు రోజులు ఉడకబెట్టాల్సిన కర్రపెండలం ఆకు, నాలుగో రోజుకే ఆవిడ అక్కగారు దించేద్దామంది. వద్దు, విషం పోదు అని ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఈ ఇంట్లో నా గురించి కాకుండా మరో విషయం మీద పోట్లాట జరగడం ఇదే మొదటిసారి, నేను హాయిగా కూర్చుని విన్నాను.

నన్ను గుర్తుపట్టేశారు. మీసం లేకపోయినా నడక ఉంది కదా. నీ "నేటి చిల్లు" చూసి చూసి నా నడక ఈ ఊళ్లో పిల్లలక్కూడా వచ్చేసింది. బజారులో ఒకడు నా వెనకాలే చేతులు వెనక్కి పెట్టుకుని నడిచాడు, అచ్చం నాలాగే. బాగా చేశాడు. అయినా ఇక్కడివాళ్లు మంచివాళ్లే, ముఖం మీద ఏమీ అనరు. కూడలిలో నేను వస్తే బెంచీ మీద చోటు ఇస్తారు. టీవీలో నేను గోల్ ఇస్తుంటే నా పక్కన కూర్చున్నవాళ్లు చెట్లవైపు చూస్తారు. ఆ చూపు తిప్పుకోవడం ఉందే, దానికంటే తిడితే నయం.

వలల ప్రకటన కూడా చూశాను. బాగా చదువుతున్నావు. నవ్వు సరిగ్గా "అసలే" దగ్గర వస్తోంది. పక్కనే ఉన్న ముసలావిడ "ఈ అబ్బాయి నోట్లో తేనె ఉంది" అంది. నేను అవునన్నాను.

విచారణకి వస్తున్నాను. ఏడో తారీఖుకి బెలేంలో దిగుతాను. మీ ఇంటికి రాను, రేవు దగ్గర సత్రంలో ఉంటాను. నువ్వు అడిగిన దానికి జవాబు: సంఘానికి ఆ రెండు నిమిషాల గురించి రాయలేదు. నువ్వు వచ్చి చెప్పమని అడగను, చెప్పొద్దనీ అనను. పెద్దవాడివి అయ్యావు, ఊరంతా నీ మాట వింటుంది. నీకు ఏది తోస్తే అది చెయ్యి.

అన్నయ్య,
అనీజియో.

బెలేం,
10 నవంబరు 1984.

అన్నయ్యా,

నీ పడవ ఇంకా బ్రేవెస్ దాటి ఉండదు, నేను అప్పుడే రాయడానికి కూర్చున్నాను. ఏం రాయాలో తెలియడం లేదు. రోజూ అరగంట కాగితం చూడకుండా మాట్లాడేవాణ్ని.

నేను విచారణ గదిలోకి వచ్చినప్పుడు నువ్వు తలెత్తావు, మళ్లీ దించుకున్నావు. విలేకరుల బల్ల దగ్గర ముందు కుర్చీ నాకే ఉంచారు, నీకూ నాకూ మధ్య మూడు మీటర్లు. ముందు రోజు నేను ఏం చెప్పాలో రాసుకున్నాను, ఆ కాగితం కోటు జేబులో ఉంది. "అధ్యక్షా, వల చూడ్డానికి వెళ్తున్న రిఫరీని ఆపినవాణ్ని నేను" అని మొదటి వాక్యం. బంధుత్వం ప్రస్తావన లేదు, అవసరం లేదనుకున్నాను. టీవీ మనిషిగా చెబితే చాలు.

అధ్యక్షుడు అడిగాడు: "పల్యేటాగారూ, వల ఎందుకు చూడలేదు?" నువ్వు టోపీ ఒళ్లో పెట్టుకుని దాని అంచు తడిమావు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది, ఒట్టు, వెళ్లింది. అప్పుడు నువ్వు "మరిచిపోయాను" అన్నావు. గ్వాజరా వకీలు నవ్వాడు. "పన్నెండేళ్లు గుర్తుండి ఫైనల్ రోజే మరిచారా? మరపుకి ఎంత ఇచ్చారు?" అన్నాడు. అప్పుడైనా లేవాలి నేను. లేవలేదు. మా కెమెరావాడు నా భుజం తట్టి "మైకు దగ్గరికి పెట్టు, మాట సరిగ్గా పడటం లేదు" అన్నాడు. పెట్టాను.

నోరు తెరవడం నావల్ల కాలేదు. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు రాదు. నువ్వు ఆ మాట అనేశావు కాబట్టి ఇక నన్ను చెప్పొద్దంటున్నావని అర్థం చేసుకున్నాను, లేదా అలా అర్థం చేసుకుంటే నాకు సులువని చేసుకున్నాను.

జీవితకాల నిషేధం అన్నారు. లంచం సంగతి "రుజువు కాలేదు, కొట్టివేయబడనూ లేదు" అని రాశారు. మధ్యాహ్నం నేనే చదివాను ఆ వార్త. నువ్వు బుధవారం వింటావు.

క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

నొనాతో.

ఓబిదుస్,
25 నవంబరు 1984.

గౌరవనీయులైన రూయీ వలదారిస్ గారికి,

విచారణకి హాజరైనందుకు కృతజ్ఞతలు. తీర్పు తమరి నోటి నుంచే కూడలిలో విన్నాము. ఉచ్చారణ స్పష్టంగా ఉంది. "కొట్టివేయబడనూ లేదు" అన్నచోట తమరు ఒక్క క్షణం ఆగారు, అది ఇక్కడి ప్రేక్షకులకి చాలా నచ్చింది.

చర్చి బడిలో తరగతుల మధ్య ఆట పెట్టారు. ఈల నన్ను ఊదమని ఫాదర్ అడిగారు, పిల్లల ఆటే కదా అన్నారు. నాలుగో తరగతి పిల్లవాడి తండ్రి వచ్చి వద్దన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను బంతులకి గాలి కొట్టాను.

వలల షాపు వ్యాపారం బాగా సాగుతోందని ఆశిస్తాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు.

బెలేం,
20 డిసెంబరు 1984.

అన్నయ్యా,

ఎన్ని తిట్టినా తిట్టు, "తమరు" అనకు. మన అమ్మ పోయిన రోజు కూడా నువ్వు నన్ను "ఒరేయ్" అనే పిలిచి అన్నం తినిపించావు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరుగుతున్నాను. మేకప్ చేసే అమ్మాయి "రూయీగారూ, కళ్ల కింద ఈ నలుపు నావల్ల కావడం లేదు" అంది.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆ రోజు ఇంటర్వ్యూ టేపు దొరికితే చాలు, నువ్వు వలవైపు నడుస్తుంటే నేను అడ్డం రావడం అందులో ఉంటుంది, దాన్ని సంఘానికి పంపొచ్చు అనుకున్నాను. టేపుల గది చూసే క్రెయుజాగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ పుస్తకం తిరగేసి "మీ రెండు నిమిషాలా? దాని మీద గవర్నరుగారి వంతెన ప్రారంభం ఎక్కించేశాం బాబూ" అన్నారు. టేపులు ఖరీదు కదా, ప్రతి టేపూ అయిదారుసార్లు వాడతాం. గోల్ ఒక్కటే చెరపలేదు, ఎందుకంటే రోజూ వేస్తున్నాం కాబట్టి. ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూలబడిపోయాను. కాఫీ ఇచ్చారు.

ఇంకో సంగతి, దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. రియోనుంచి పిలుపు వచ్చింది. దేశమంతా చూసే ఆదివారం ప్రోగ్రాం, మార్చి రెండో వారం నుంచి. "నేటి చిల్లు" చూసి నచ్చిందట వాళ్లకి. పదిహేనేళ్లుగా కలలు కన్నది నీ గోల్ వల్ల వచ్చింది. ఇందులో ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. వద్దంటే మానేస్తాను.

నొనాతో.

బెలేం,
18 ఫిబ్రవరి 1985.

అన్నయ్యా,

రెండు నెలలైంది, జవాబు లేదు. వదిన మాత్రం ఒక కార్డు రాసింది: "ఆయన తింటున్నారు, పడుకుంటున్నారు, టీవీ దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్తున్నారు." అది చదివి ఊరట పడాలో భయపడాలో తెలియలేదు.

నిర్ణయించుకున్నాను. మార్చి 2, శనివారం, బెలేంలో నా ఆఖరి ప్రోగ్రాం. ఆఖరి నిమిషం నాకు వదిలేస్తారు, వీడ్కోలు చెప్పుకోమని. అందులో చెప్పేస్తాను. ప్రత్యక్ష ప్రసారం, ఎవరూ కత్తిరించలేరు. వల చూడ్డానికి వెళ్తున్న నిన్ను నేను ఆపానని, లంచం మాట పచ్చి అబద్ధమని, నువ్వు నా అన్నయ్యవని కూడా. పేరు దాచి సగం నిజం చెప్పడం ఇక నావల్ల కాదు. రియోవాళ్లు ఏమనుకుంటే అనుకోనీ.

ఈ ఉత్తరం విమానం తపాలాలో పంపుతున్నాను, ఇరవై ఎనిమిది లోపు నీకు అందుతుంది. చెప్పొద్దు అనుకుంటే, ఆ అద్దం లేని గదిలోంచే అయినా సరే ఒక్క ఫోను చెయ్యి. చెయ్యకపోతే చెప్పమన్నావనే అనుకుంటాను.

నొనాతో.

బెలేం,
11 మార్చి 1985.

అన్నయ్యా,

బుధవారం నువ్వు చూసే ఉంటావు. చూడకపోతే కూడలిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

నలభై సెకన్లు దొరికాయి. "ఆ రిఫరీ నా అన్నయ్య" అనగానే అద్దం అవతల ఒతాసీలియోగారు లేచి నిలబడటం కనిపించింది. "వల చూడ్డానికి వెళ్తున్నవాణ్ని నేను ఆపాను. లంచం లేదు, కుట్ర లేదు, ఉన్నదల్లా నా మైకు" అన్నాను. ఇంకా ఉంది నా దగ్గర, పిల్లల పేర్లు చదివిన రోజులనుంచి చెబుదామనుకున్నాను. కెమెరా మీద ఎర్రదీపం ఆరిపోయింది. ప్రకటన వేసేశారు. ఏది చేతికందితే అది వేశారు, వలల షాపుదే అందింది.

ఒతాసీలియోగారు అరవలేదు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. "నవంబర్లో చెప్పుంటే నువ్వు సాక్షివయ్యా. ఇప్పుడు తమ్ముడివి. తమ్ముడి మాట ఎవడు వింటాడు?" అన్నారు. ఆయన అన్నది నాకు స్టేషన్ గేటు దాటేదాకా పూర్తిగా అర్థం కాలేదు. బయట టాక్సీ డ్రైవరు నన్ను చూసి, "అయితే అన్నదమ్ములు ఇద్దరూ కలిసే చేశారన్నమాట" అన్నాడు. కోపంగా కూడా కాదు, తెలియనిది తెలిసినట్టు అన్నాడు.

ఇప్పుడు ఊరంతా అదే. గ్వాజరా అధ్యక్షుడు రేడియోలో, ఒకే ఇంట్లో పుట్టినవాళ్లలో ఒకడు ఈల పట్టుకుని ఒకడు మైకు పట్టుకుని పన్నెండేళ్లు మమ్మల్ని మోసం చేశారన్నాడు. పచ్చ టైలు కూడా ఒక కుట్రేనట. పెద్రేరావాళ్లు కూడా నా మీదే కోపంగా ఉన్నారు, వాళ్ల కప్పుకి మచ్చ తెచ్చానని. ఎవరో కూర్చుని నా పాత ప్రసారాల్లో నువ్వు రిఫరీగా ఉన్న మ్యాచ్‌లన్నీ లెక్కపెట్టారు, ప్రతిదాంట్లో నేను నిన్ను పొగిడానంటున్నారు. పొగిడాను అన్నయ్యా, నువ్వు బాగా చేశావు కాబట్టి పొగిడాను. ఇప్పుడు అదీ సాక్ష్యమే.

సంఘం నీ కేసు మళ్లీ తెరుస్తుందని అనుకున్నాను. తెరిచింది. ఈసారి నన్ను కూడా చేర్చి, ఇద్దరి బ్యాంకు పుస్తకాలూ అడిగింది. నిన్ను బయటికి లాగుదామని చెయ్యి అందించి నిన్ను ఇంకా లోపలికి తోశాను.

రియోనుంచి తంతి వచ్చింది, ఆ చోటు నిండిపోయిందట. ఇక్కడ కూడా నా కుర్చీలో శనివారంనుంచి వేరే కుర్రాడు కూర్చుంటున్నాడు, బాగానే మాట్లాడుతున్నాడు. అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అందుకు ఏడవడం లేదు. నేను బాధపడేది ఒక్కటే, ఆ రెండు నిమిషాల కోసం నీ బతుకు పోయింది, దాన్ని సరిచెయ్యబోతే నీ పరువు కూడా పోయింది.

అక్కడికి వచ్చెయ్యనా? వద్దంటే రాను.

నొనాతో.

ఓబిదుస్,
24 మార్చి 1985.

ఒరేయ్ నొనాతో,

ఇది నీకు సెప్టెంబరులోనే రాయాల్సిన ఉత్తరం. మీ వదినకి కూడా తెలియదు.

నువ్వు నన్ను ఆపింది రెండు నిమిషాలే. నిజానికి రెండు కూడా కాదు, మీ డైరెక్టరు చెయ్యి ఊపితే నువ్వు ఒకటిన్నరకే వదిలేశావు. ఆ తర్వాత ఆట మొదలవడానికి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. గడియారం నా చేతికే ఉంది, చూశాను కూడా. రెండు వలలు చూసి రావడానికి నాలుగు నిమిషాలు చాలు.

నేను వెళ్లలేదు. మధ్య గీత దగ్గర నిలబడి నిన్ను చూస్తున్నాను. నువ్వు గ్వాజరా కెప్టెన్‌తో మాట్లాడావు, తర్వాత పెద్రేరా కోచ్‌ని నవ్వించావు, తర్వాత కెమెరావైపు తిరిగి ఒక్క తప్పు లేకుండా ఇరవై రెండు పేర్లూ చూడకుండా చెప్పావు. పైనుంచి జనం "రూయీ, రూయీ" అని అరుస్తున్నారు. వాళ్లలో ఒక్కడికైనా వీడు నా తమ్ముడని చెప్పాలనిపించింది. లైన్స్‌మన్ వచ్చి "వలలు బాగున్నాయి సార్" అన్నాడు. సరే అన్నాను. వాడు ఏమన్నాడో కూడా నా బుర్రలోకి వెళ్లలేదు. అందుకే విచారణలో మరిచిపోయానన్నాను. నిన్ను కాపాడ్డానికి అనలేదు, అది నిజం కాబట్టి అన్నాను. నువ్వు దాన్ని త్యాగం అనుకున్నావు, నేను అనుకోనిచ్చాను.

ఎందుకు రాయలేదంటావు. మొదట సిగ్గేసింది. నలభై ఏడేళ్లవాడు, తమ్ముణ్ని చూసి మురిసిపోతూ పని మరిచాడంటే ఎలా ఉంటుంది. నీ మొదటి ఉత్తరంలో తప్పు నీ మీద వేసుకున్నావు, చదవగానే రాద్దామని కలం కూడా తీశాను. ఆ బుధవారమే కూడలిలో నువ్వు వలల ప్రకటన చదివావు, ఆ "అసలే" దగ్గర నవ్వావు. ఇంటికొచ్చి కలం మూసేశాను. కాస్త బాధపడనీ అనిపించింది. కాస్తేరా, ఇంత కాదు. విచారణ రోజు నువ్వు లేచి నన్ను కాపాడతావా లేదా అని కూడా చూడాలనిపించింది. నువ్వు లేస్తే, "కూర్చో బాబూ, నువ్వు కారణం కాదు" అని అందరి ముందూ నేనే చెప్పేవాణ్ని. ఆ వాక్యం కూడా పడవలో సిద్ధం చేసుకున్నాను. నువ్వు లేవలేదు. ఇక నా కోపానికి హద్దు లేదు.

నీ ఫిబ్రవరి ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. శుక్రవారం పొద్దున్నే టెలిఫోను ఆఫీసుకి వెళ్లాను. నా ముందు ఆరుగురున్నారు. గంటన్నర నిలబడ్డాను. నీ నంబరు కాగితం మీద రాసుకుని చేతిలో పట్టుకున్నాను. నా వంతు వచ్చింది, అమ్మాయి "ఏ ఊరండీ?" అంది. నా వెనకాల నాలుగో తరగతి పిల్లవాడి తండ్రి ఉన్నాడు. "వద్దులేమ్మా, తర్వాత వస్తా" అని వచ్చేశాను. వాడు వింటాడని కాదు, అది సాకు. నువ్వు టీవీలో నన్ను అన్నయ్య అంటావని రాశావు కదా, అది ఒక్కసారి వినాలనిపించింది.

విన్నాను. బుధవారం. నా పక్కనున్నవాళ్లు ఈసారి చెట్లవైపు చూడలేదు, అందరూ నా వైపే చూశారు. నాలుగు రోజుల కిందటే నువ్వు తగలబెట్టుకున్న బతుకుని మేం అప్పుడు చూస్తున్నాం. నేను లేచి టీవీ పెట్టె కట్టెయ్యమని అరిచాను. ఎవరికోసం అరిచానో నాకే తెలియదు.

ఇది సంఘానికి రాద్దామనుకుని మూడు కాగితాలు పాడుచేశాను. రాస్తే ఏమంటారో నీకు తెలుసు: తమ్ముడు అన్నని వెనకేసుకొచ్చాడు, ఇప్పుడు అన్న తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నాడు. ఇద్దరం చెప్పే దేన్నీ ఇక ఎవరూ నమ్మరు. నమ్మాల్సినవాడివి నువ్వొక్కడివే మిగిలావు, నీకే అబద్ధం చెప్పాను.

వచ్చెయ్యనా అని అడిగావు. ఇది చదివాక కూడా రావాలనిపిస్తే రా. పడవలు బుధవారం ఒకటి, శనివారం ఒకటి వస్తాయి. వెనక గదిలో ఇంకో ఊయల కట్టడానికి కొక్కేలు ఉన్నాయి. రాకపోతే ఎందుకు రాలేదని అడగను, అడిగే హక్కు నాకు లేదు. రెండు పడవలకీ రేవుకి వెళ్తాను.

అన్నయ్య.